కృష్ణాతీర సరిహద్దులో పారసీక సేనాని: సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్క్, పల్నాటి దుర్గాలు

వ్యాససంగ్రహం:
గోల్కొండ కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడిగా సుల్తాన్ కులీ చరిత్రలో ప్రసిద్ధుడు. అయితే ఆయన జీవితంలో అధికభాగం రాజుగా కాక, బహమనీ సామ్రాజ్యపు తూర్పు సరిహద్దును కాపాడే సేనానిగా గడిచింది. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ సేనాని జీవితాన్ని సరిహద్దు కోణం నుంచి, ప్రత్యేకించి కొండవీడు, బెల్లంకొండ, వినుకొండ, నాగార్జునకొండ, తంగెడ దుర్గాలున్న పల్నాటి నేపథ్యం నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయనను ఎదిగించినదీ, ఆయన విస్తరణకు దక్షిణాన హద్దు గీసినదీ ఈ సరిహద్దు వ్యవస్థేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సుల్తాన్ కులీ, బహమనీలు, ఆఫాకీలు, కొండవీడు, పల్నాడు, గజపతులు, సాళువ తిమ్మరుసు, సరిహద్దు.

1. ఉపోద్ఘాతం:
పల్నాడు అనగానే పాఠకుల మనసులో మెదిలేది పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారంపూడి రణక్షేత్రం. ఆ తరువాత కొండవీటి రెడ్ల వైభవం. పదిహేను, పదహారు శతాబ్దాల పల్నాటి చరిత్ర మాత్రం సాధారణంగా శ్రీకృష్ణదేవరాయల తూర్పు దిగ్విజయంలో ఒక ఘట్టంగా ముగిసిపోతుంది. ఆ దిగ్విజయానికి ముందూ, తరువాతా ఇదే నేల మీద మరొక శక్తి పట్టు కోసం ప్రయత్నిస్తూనే ఉంది. ఆ శక్తికి ప్రతినిధి సుల్తాన్ కులీ.

తెలుగువారి చారిత్రకస్మృతిలో అశ్వపతి, గజపతి, నరపతి అనే మూడు సింహాసనాల భావన ఉంది. తురుష్క ప్రభువులు అశ్వపతులు, కళింగ ప్రభువులు గజపతులు, విజయనగర ప్రభువులు నరపతులు. ఈ మూడు శక్తులూ ఎదురెదురుగా నిలిచిన కొద్ది ప్రాంతాల్లో కృష్ణానదికి దక్షిణాన ఉన్న పల్నాడు ఒకటి. కొండవీడు రెడ్ల పతనానంతరం విజయనగరం చేతికి, 1454 ప్రాంతంలో గజపతుల చేతికి వెళ్ళింది. కొంతకాలం బహమనీల అధికారమూ చూసింది. ఒక్క శతాబ్దంలో ఇన్నిసార్లు చేతులు మారిన దుర్గం చరిత్రను ఏ ఒక్క రాజవంశం చరిత్రలోనూ పూర్తిగా ఇమడ్చలేం.

2. హమదాన్ నుంచి బీదరు వరకు:
సుల్తాన్ కులీ వంశరీత్యా తుర్కమాన్. నల్లగొర్రెల తెగగా పేరున్న కరా కొయున్లు ప్రభువంశానికి చెందినవాడు. జన్మస్థలం హమదాన్ ప్రాంతం. పెరిగినది పారసీక సంస్కృతిలో. ప్రత్యర్థులైన ఆక్ కొయున్లు, అంటే తెల్లగొర్రెల తెగ, ఇరాన్‌లో ప్రాబల్యం సంపాదించాక ఓడిన వంశంవారికి స్వదేశంలో భద్రత లేకపోయింది. అందువల్ల ఆయన పినతండ్రి అల్లా కులీతో కలిసి దక్కను చేరాడు. ఆయనను పారసీకుడనడంలో జన్మభూమి, భాషాసంస్కృతుల దృష్టి ఉంది. తుర్కమాన్ అనడంలో వంశదృష్టి ఉంది. తెలుగు శాసనభాష ఈ భేదాన్ని పాటించదు. దానికి వీరందరూ తురుష్కులే.

నాటి బీదరు ఆస్థానం రెండు వర్గాలుగా చీలి ఉంది. ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చినవారు ఆఫాకీలు. తరతరాలుగా ఇక్కడే స్థిరపడినవారు దక్కనీలు. ఈ వైరం ఎంత ప్రమాదకరమైనదో తెలిపే ఘటన తెలుగునేల మీదనే జరిగింది. గిలాన్ నుంచి వచ్చిన మహామంత్రి మహమూద్ గవాన్‌ను, ప్రత్యర్థులు సృష్టించిన కూటలేఖ ఆధారంగా, 1481 ఏప్రిల్‌లో కొండపల్లి విడిదిలో సుల్తాన్ మూడో మహమ్మద్ షా వధింపజేశాడు. తూర్పుతీర దుర్గాలపై దండయాత్ర సాగుతున్న కాలమది. పరదేశి సేనాని ఎంత ఉన్నతపదవిలో ఉన్నా అతని బలం సుల్తాన్ విశ్వాసం మీదనే ఆధారపడి ఉంటుందని ఈ ఘటన నిరూపించింది.

1482లో పన్నెండేళ్ళ వయసులో సింహాసనమెక్కిన మహమూద్ షాపై 1487లో హత్యాప్రయత్నం జరిగింది. కోటలోకి చొరబడిన కుట్రదారులను ఎదిరించి సుల్తాన్ ప్రాణం కాపాడిన కొద్దిమందిలో సుల్తాన్ కులీ ఒకడు. ఆయన ఉన్నతికి ఇదే పునాది. 1493-94లో కొంకణతీరంలో బహదూర్ గిలానీ తిరుగుబాటు చేసినప్పుడు దానిని అణచడానికి వెళ్ళిన సైన్యంలోనూ ఆయన ఉన్నాడు. ఆ యుద్ధంలో మరణించిన దక్కనీ సేనాని కుతుబుల్ ముల్క్ బిరుదు ఆయనకు సంక్రమించింది. తిరుగుబాటుదారు కూడా ఇరాన్ నుంచి వచ్చినవాడే కావడం గమనార్హం. ఒకే విధమైన నేపథ్యం గల ఇద్దరిలో ఒకరు సముద్రతీర సరిహద్దును స్వతంత్రం కావడానికి వాడుకున్నాడు. మరొకరు ఆ స్వతంత్రతను అణచి పదవి పొందాడు.

3. తెలంగాణ తరఫ్‌దారు:
1495-96లో సుల్తాన్ కులీ తెలంగాణ తరఫ్‌దారుగా నియుక్తుడయ్యాడు. గోల్కొండ ఆయన కేంద్రం. కాకతీయుల అనంతరం పద్నాలుగో శతాబ్దంలో బహమనీల వశమైన ఆ కోట అప్పటికి రాజధాని స్థాయి కలది కాదు. తరఫ్‌దారు పని పన్ను వసూలుతో ముగియదు. తన తరఫ్ ఆదాయంతో సైన్యాన్ని పోషించాలి, హద్దులు కాపాడాలి, వీలైతే వాటిని ముందుకు జరపాలి. ఆ రోజుల్లో తెలంగాణ తరఫ్‌కు తూర్పున గజపతులు, దక్షిణాన విజయనగరం హద్దులు.

ఆయన ఎదుర్కొన్న తొలి స్థానిక ప్రత్యర్థి షితాబ్ ఖాన్. సీతాపతి అనే తెలుగు పేరుగల ఈ నాయకుడు బహమనీ కొలువులో పారసీక బిరుదు పొంది, ఖమ్మం, వరంగల్లు ప్రాంతాల్లో బలపడి, తరువాత స్వతంత్రించాడు. 1504 నాటి వరంగల్లు శాసనం ఆయన దేవతాపునఃప్రతిష్ఠలను కీర్తిస్తుంది. పారసీక బిరుదు ధరించిన తెలుగు నాయకుడికీ, తెలుగుసీమ మీద అధికారం కోసం పోరాడిన పారసీక సేనానికీ మధ్య జరిగిన ఈ సంఘర్షణను కేవలం మతసంఘర్షణగా చదవడానికి ఆధారాలు అనుమతించవు. షితాబ్ ఖాన్‌ను ఓడించాక సుల్తాన్ కులీ గజపతులతో నేరుగా తలపడ్డాడు. కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం దిశగా ఆయన దండయాత్రలు సాగాయి. గోదావరిని హద్దుగా ఒప్పుకొని గజపతి సంధి చేసుకున్నాడని గోల్కొండ పారసీక చరిత్ర పేర్కొంటుంది.

సరిహద్దు కొలువు ఎంత చలనశీలమైనదో అళియ రామరాయల పూర్వజీవితం తెలుపుతుంది. గోల్కొండ చరిత్ర ప్రకారం ఆయన మొదట సుల్తాన్ కులీ కొలువులో కోటాధికారి. బీజాపూరు సేన దాడి చేసినప్పుడు కోట విడిచి వచ్చినందుకు పదవి పోగొట్టుకుని విజయనగరం చేరి, అనంతరం శ్రీకృష్ణదేవరాయల అల్లుడయ్యాడు. నేడు సుల్తాన్ పక్షాన నిలిచినవాడు రేపు రాయల పక్షాన ఉండటం ఆ కాలపు సైనికజీవితంలో వింత కాదు.

4. పల్నాటి దుర్గాల వరస:
శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరిని జయించాక ఉత్తరానికి కదిలాడు. ఆయన శాసనాలు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ, కేతవరం మొదలైన గిరిదుర్గ, స్థలదుర్గాలను వరసగా పేర్కొంటాయి. వీటిలో వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ, తంగెడ నేటి పల్నాడు జిల్లాలోనివే. చివరి లక్ష్యమైన కొండవీడు కూడా ఈ జిల్లాలోనిదే. 1515 జూన్ 23న కొండవీడు రాయల వశమైంది. మంగళగిరి శాసనం ఈ విజయాన్ని శకవర్షం 1437, యువ సంవత్సరం, ఆషాఢ శుద్ధ ఏకాదశిగా నమోదు చేసింది.

ఈ దుర్గాల క్రమం యాదృచ్ఛికం కాదు. తంగెడ, నాగార్జునకొండ కృష్ణాతీరాన్ని, దాటురేవులను కనిపెట్టుకొని ఉండే స్థానాలు. బెల్లంకొండ నదికీ కొండవీటికీ మధ్యనున్న కాపలా. వినుకొండ పడమటి నుంచి వచ్చే దారికి అడ్డు. గోల్కొండ నుంచి కొండవీటికి రావాలన్నా, నిలిచిన సైన్యానికి ధాన్యం, గుర్రాలు అందాలన్నా నదినీ, ఈ దుర్గాలనూ దాటాలి. అందువల్ల కొండవీటిని ముట్టడించడం వేరు, నిలుపుకోవడం వేరు.

కొండవీట బందీలైనవారి జాబితా మరొక విషయాన్ని వెల్లడిస్తుంది. గజపతి కుమారుడు వీరభద్రుడు, కుమార హమ్వీర మహాపాత్రుడి కొడుకు నరహరిదేవుడు, పూసపాటి రాచిరాజు వంటివారితో పాటు రాచూరుకు చెందిన మల్లూఖాన్, ఉద్దండఖాన్ పేర్లూ శాసనాల్లో ఉన్నాయి. గజపతి దుర్గాన్ని కాపాడినవారిలో ఒడియా, తెలుగు, ముస్లిం సైనికనాయకులు కలిసి ఉన్నారని దీనివల్ల స్పష్టమవుతోంది. యుద్ధం ఏ జెండాల మధ్య జరిగినా, కోటగోడల వెనుక నిలిచినవారిని ఏకజాతిగా భావించలేం.

5. రెండు సాక్ష్యాల మధ్య కొండవీడు:
సుల్తాన్ కులీ కొండవీటి మీదికి వచ్చిన దండయాత్రల విషయంలో ఆధారాలు ఏకకంఠంగా లేవు. పదిహేడో శతాబ్దారంభంలో గోల్కొండ ఆస్థానంలో రచింపబడిన, కర్తృనామం లేని పారసీక చరిత్ర ఆయన కొండవీటిని ఒకటికంటె ఎక్కువసార్లు లొంగదీసుకున్నట్లు వర్ణిస్తుంది. 1535 ప్రాంతంలో విజయనగర వృత్తాంతం రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఇందుకు భిన్నమైన కథనం అందిస్తాడు. కొండవీటి దగ్గర మదర్‌మలుక్ అనే ముస్లిం సేనానిని సాళువ తిమ్మరుసు ఓడించి, సకుటుంబంగా బంధించాడని ఆయన కథనం. చరిత్రకారులు ఈ సేనానిని గోల్కొండవాడిగా గుర్తిస్తారు. నూనిజ్ చెప్పిన సైన్యసంఖ్యలు అతిశయోక్తులే కావచ్చు. ఘటనను మాత్రం తోసిపుచ్చలేం.

ఈ రెండు కథనాల్లో ఒకదానిని నిజమనీ, మరొకదానిని కల్పన అనీ తేల్చడం కంటె, అవి దేనిని విజయమంటున్నాయో గమనించడం అవసరం. సరిహద్దు సేనాని దృష్టిలో కోటను ముట్టడించి కప్పం ఒప్పించడం విజయమే. రాజ్యపాలన దృష్టిలో దుర్గాధిపతిని నియమించి, భూదానాలు చేయించి, సుంకాలు నిర్ణయించినప్పుడే విజయం పూర్తవుతుంది. కొండవీట ఈ రెండో పనిని చేసినది విజయనగరమే. తిమ్మరుసు మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి అక్కడ పాలకుడయ్యాడు. ప్రబోధచంద్రోదయ నాటకానికి సంస్కృత వ్యాఖ్య రచించిన పండితుడాయన. దుర్గంలో సేనతోపాటు విద్వత్తు, దేవాలయం, రాయసం కూడా నెలకొన్నాయి. సుల్తాన్ కులీ దండయాత్రలు ఈ రెండో దశకు చేరలేదు. 1529లో రాయలు మరణించాక గోల్కొండ ఒత్తిడి పెరిగినా, కొండవీడు అచ్యుతరాయల అధీనంలోనే కొనసాగింది. అది స్థిరంగా గోల్కొండ వశమైనది సుల్తాన్ కులీ కుమారుడు ఇబ్రహీం పాలన చివర, 1579-80లో. అనంతరకాలంలో ఆ ప్రాంతం ముర్తజానగర్ సర్కారుగా పేరుపొందింది.

6. సుల్తానా? మలిక్కా?
బహమనీ అధికారం క్షీణించిన కాలంలో సుల్తాన్ కులీ స్వతంత్రుడై సింహాసనమెక్కాడని పాఠ్యపుస్తకాలు సాధారణంగా చెబుతాయి. సమకాలిక శాసనాలు జాగ్రత్త వహించమంటున్నాయి. 1518లో ఆయన గోల్కొండలో కట్టించిన జామీ మసీదు శాసనం మహమూద్ షా బహమనీని ప్రభువుగా పేర్కొంటుంది. ఆయన సమాధిశాసనం కూడా ఆయనను మలిక్ సుల్తాన్ కులీ అనీ, కుతుబుల్ ముల్క్ బిరుదాంకితుడనీ, బడే మలిక్‌గా ప్రసిద్ధుడనీ చెబుతుంది. అందులో 'సుల్తాన్' పేరులో భాగమే గాని పదవి కాదు. కుతుబ్ షాహీ చరిత్రపై ప్రామాణిక పరిశోధన చేసిన హారూన్ ఖాన్ షేర్వాణీ ఈ విషయాన్నే నొక్కిచెప్పాడు.

దీనిని వినయంగానో, ఉపాయంగానో మాత్రమే భావించడం సరికాదు. గవాన్ వధను, బహదూర్ గిలానీ పతనాన్ని చూసిన తరం ఆయనది. బీదరు నామమాత్రమైనా, ఆ పేరు చాటున ఉన్నంతకాలం ఆయన అధికారానికి పాత సామ్రాజ్యపు చట్టబద్ధత ఉండేది. సరిహద్దులో నిజమైన బలం సైన్యానిది. దానికి మాటగా నిలిచేది నియామకపత్రం. ఆయన ఆ రెండింటినీ విడిచిపెట్టలేదు.

చివరకు ప్రమాదం సరిహద్దు నుంచి రాలేదు. 1543 సెప్టెంబరు 2న వృద్ధుడైన సుల్తాన్ కులీ, తాను కట్టించిన మసీదులోనే, కుమారుడు జంషీద్ ప్రేరణతో హతుడయ్యాడు. దేవరకొండలో ఉన్న మరో కుమారుడు ఇబ్రహీం ప్రాణరక్షణకు చేరినది విజయనగరానికే. ఒకనాడు సుల్తాన్ కులీ కొలువు నుంచి తొలగింపబడిన రామరాయలే ఆ రాకుమారుడికి ఏడేళ్ళు ఆశ్రయమిచ్చాడు. 1550లో గోల్కొండ సింహాసనమెక్కిన ఇబ్రహీమే తెలుగు కవులకు మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు.

7. ముగింపు:
సుల్తాన్ కులీ జీవితాన్ని వంశస్థాపకుడి కథగా చదివితే కొండవీడు ఒక చిన్న వైఫల్యం. సరిహద్దు సేనాని కథగా చదివితే అది ఆయన శక్తికి కొలబద్ద. షితాబ్ ఖాన్, రామరాయలు, రాచూరి ఖాన్‌లు, తిమ్మరుసు, గోపమంత్రి అందరూ ఆ సరిహద్దు మనుషులే. వారి విధేయతలను మతంతోనో భాషతోనో మాత్రమే వివరించలేం. పల్నాటి దుర్గాల శాసనాలను విజయనగర చరిత్రకు అనుబంధంగా గాక, పారసీక వృత్తాంతాలతో పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఆ సీమ మూడు రాజ్యాల అంచుగా గాక వాటి బలాబలాలను నిర్ణయించిన రంగస్థలంగా కనిపిస్తుంది. పన్నెండో శతాబ్దం దగ్గర ఆగిపోతున్న పల్నాటి చరిత్రాధ్యయనం పదహారో శతాబ్దానికి విస్తరించవలసిన ఆవశ్యకత ఇక్కడే ఉంది.