కదలని ఎలుక తలలో నల్లచుక్క

ఎలుక కదలడం లేదు. మత్తులో లేదు, మెలకువగానే ఉంది. నడుం కింద ప్లాస్టర్ కట్టు. తొడ రక్తనాళాల్లోంచి సన్నటి గొట్టాలు. ఒంట్లోకి హాలోపెరిడాల్ ఎక్కింది. పిచ్చి తగ్గించే మందు. మరి ఆ తలలో ఏం జరుగుతోంది?

అమెరికాలోని బెథెస్డా. లూయీ సోకొలోఫ్ ప్రయోగశాల. సిరంజిలో రేడియోధార్మిక డీఆక్సీగ్లూకోజ్ సిద్ధంగా ఉంది. అచ్చం గ్లూకోజ్‌లాగే ఉంటుంది. పని చేసే కణం ఆకలికొద్దీ లోపలికి లాగేసుకుంటుంది. కానీ అరిగించుకోలేదు. అది అక్కడే ఇరుక్కుపోతుంది. ఎక్కువ పనిచేసే చోట ఎక్కువ ఇరుక్కుంటుంది.

సూది దిగింది. గడియారం మొదలైంది. మొదట సెకన్ల తేడాతో, తర్వాత నిమిషాల తేడాతో ధమనిలోంచి కాస్త కాస్త రక్తం తీస్తూ, 45 నిమిషాలు నిండగానే ఎలుక ప్రాణం తీసి, మెదడును బయటికి తీసి గడ్డకట్టించి, మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందాన పొరలు పొరలుగా కోసి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద పరిచారు. ఇక రోజుల తరబడి ఎదురుచూపే.

ఈ పద్ధతిని సోకొలోఫ్ బృందం 1977లో పూర్తి వివరాలతో ప్రచురించింది. హాలోపెరిడాల్ అంతకంటే పాతది. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాలలో పుట్టింది. డోపమైన్ అనే మెదడు రసాయనం మోసే సందేశాన్ని అడ్డుకుంటుందని ఈ ప్రయోగం నాటికే తెలుసు. అడ్డుకుంటే మెదడులో ఏ మూల ఏమవుతుంది?

చీకటి గది. రసాయనాల ఘాటు. ఫిల్మ్ మీద మెదడు ఆకారం తేలింది. ఎక్కడ నలుపు ఎక్కువుంటే అక్కడ గ్లూకోజ్ ఖర్చు ఎక్కువ. మెదడు నడిబొడ్డున, అటొకటి ఇటొకటి, రెండు చిన్న చుక్కలు. మందు ఎక్కని ఎలుకలో కంటే ముదురుగా!

ఆ చుక్కలున్న చోటి పేరు లాటరల్ హాబెన్యులా. ఎలుకలో ఆవగింజంత కూడా ఉండదు. అనుమానం తీరాలంటే తిరగేసి చూడాలి. డోపమైన్‌లా పనిచేసే అపోమార్ఫిన్ ఎక్కించారు. చుక్కలు పలచబడ్డాయి. 1980లో ఫలితం అచ్చయింది. కానీ ఆ చుక్క పనేమిటి?

ఒక ముఖ్యమైన జవాబు 2007లో దొరికింది. అదే బెథెస్డాలో మత్సుమోతో, హికోసాకా అనే పరిశోధకులు కోతుల మెదడులో సూక్ష్మ తీగలు దింపి విన్నారు. బహుమతి వస్తుందనుకుంటే రాలేదు. ఆ క్షణాన హాబెన్యులా కణాలు గలగలలాడాయి. డోపమైన్ కణాల నోరు మూయించాయి.

బయటికి నిశ్చలంగా కనిపించే ప్రాణి మెదడులో హాలోపెరిడాల్ ఒక మూల ఖర్చు తగ్గిస్తుంది, ఇంకో మూల పెంచుతుంది. ఇది ఎలుకల్లో తేలిన సంగతి. దీన్ని చదివి ఇంట్లోవాళ్ళ మందు ఆపేయొద్దు. అనుమానముంటే రాసిచ్చిన డాక్టర్నే అడగండి.