సైకిలు రౌతుల చల్లడము

కల్వకుర్తి మీదుగా శ్రీశైలము పోవు దారిని నేనొకప్పుడు సైకిలుపై బయలుదేరితిని. కాళ్లలో సత్తువ యుండగనే డిండి దాటి వెనుదిరుగవలసివచ్చెను. దళసరి కుట్లు గల లాగు తొడసందున నొరసి పుండు చేసినది.

ఈ బాధ లోకమున పాతది. 1903లో ఫ్రాన్సున 2,428 కిలోమీటర్ల మహాపందెము మొదలయ్యెను. ఆ కాలపు రౌతుల ఉన్ని చల్లడములు చెమటకు తడిసి బరువెక్కి జారెడివి. పిమ్మట లోపల మెత్తని తోలు కుట్టిరి. ఉతికి యారగనే యది బిరుసెక్కుటచే క్రొవ్వు పూసెడివారు. 1958లో అమెరికాలో జోసెఫ్ షివర్స్ సాగి బిగియు లైక్రా నూలు కనిపెట్టెను. తరువాతి దశకములలో చల్లడము దానితోనే తయారయ్యెను. తోలునకు బదులు కృత్రిమపు మెత్త వచ్చెను. 1970 దశకమున కాలిఫోర్నియా కొండలలో పుట్టిన పందెములలో రాళ్ల కుదుపు హెచ్చగుటచే దీని యవసరము మరింత పెరిగెను.

ఈ చరిత్ర చెప్పునది యొక్కటే: శత్రువు గట్టిదనము గాదు, ఒరపిడి. కావున మెత్త దళసరి చూచి మోసపోరాదు. కూర్చుండుచోట కుట్టు లేక, మన మల్లుల చల్లడమువలె ఒంటి నంటియుండవలెను. లోపల వేఱు గుడ్డ కూడదు. ప్రతిసారి యుతికి యారవేయవలెను. పందెమునకు ముందే తొడిగి కొంతదూరము తొక్కి చూడవలెను.

మీ మనుమలు కొండదారి పందెమునకు పోదుమన్నచో, సైకిలుతోపాటు చల్లడమునుగూడ విచారింపుడు.