సింహాసన రథమూ, సర్కారు కారూ

న్యూఢిల్లీలో ఇండియా గేటును చుట్టిన షడ్భుజాకార మార్గం నుండి అశోకా రోడ్డు వైపు మళ్ళే చోట హైదరాబాద్ హౌస్ దర్శనమిస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కోసం ఎడ్విన్ లుట్యెన్స్ రూపకల్పన చేసిన ఈ సౌధం 1920ల చివర పూర్తయింది. నిజాం ఇందులో బస చేసింది అరుదు. నేడు విదేశీ అతిథులతో ప్రభుత్వం జరిపే చర్చలకూ, విందులకూ ఇది వేదిక. పక్కనే ఆంధ్రప్రదేశ్ భవన్. రాచరికానికీ, ప్రజాప్రభుత్వానికీ చెందిన ఈ రెండు విడుదుల నడుమ నిలిచినప్పుడు, ఆ రెండు పాలనలూ ఎన్నుకొన్న వాహనాలను పోల్చి చూడాలనిపించడం సహజం.

మొదటిదాన్ని చూడాలంటే మాత్రం హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదానికి వెళ్ళాలి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. 1911 ఆగస్టులో ఆయన మరణించగా, 1912 నాటి ఆ కారు కుమారుని పరమైంది. పసుపు వన్నె దేహాన్ని లండన్‌కు చెందిన బార్కర్ సంస్థ నిర్మించింది. ఆరు సిలిండర్లు, 7,428 ఘనపు సెంటీమీటర్ల ఇంజను. వెనుక ఆసనాన్ని సింహాసనం వలె ఎత్తుగా అమర్చారు. ప్రభువు ప్రయాణించడం కన్నా ప్రజలకు కనిపించడం ముఖ్యమన్న భావన ఆ అమరికలో స్పష్టం. నా దృష్టిలో అది మోటారు కారు కాదు, చక్రాల మీది అంబారీ. అది మొత్తం మీద తిరిగింది 356 మైళ్ళేనని చెబుతారు.

రెండవది అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను హిందుస్థాన్ మోటార్స్ స్వీకరించి, 1950ల చివరి నుండి పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారు చేసింది. తొలినాళ్ళ ఇంజను 1,489 ఘనపు సెంటీమీటర్లు, అనగా సిల్వర్ ఘోస్ట్‌లో ఐదవ వంతు. తెల్ల రంగు వేస్తే మంత్రిగారి వాహనం. నలుపు, పసుపు వేస్తే ఢిల్లీ టాక్సీ. యంత్రం ఒక్కటే! ఇంతటి సమానత్వం మన పరిపాలనలో మరెక్కడా కనిపించదేమో. అయితే ఇక్కడొక విచిత్రమున్నది. రాజు కనిపించడానికి ఎత్తైన పీఠం వేయించుకొంటే, ప్రజలెన్నుకొన్న వారు కిటికీలకు తెరలు కట్టించుకొన్నారు. లోపల ఉన్నది పెద్దవారని తెలపడానికి పైన ఎర్ర దీపం మిగిలింది. 2017 మే 1 నుండి అదీ తొలగింది. అంతకు మునుపే, 2014 మేలో, ఉత్తర్‌పాడా కర్మాగారం మూతపడింది.

చరిత్ర పరిశోధకునికి ఎదురయ్యే చిక్కు వేరు. తక్కువగా తిరిగిన కారే చెక్కు చెదరక నిలిచింది. మరమ్మతులు చేయించి, ప్రాసాదంలో భద్రపరిచారు. అంబాసిడర్లు దశాబ్దాల తరబడి జిల్లాల్లో కరవు పర్యటనలకూ, తుపాను ప్రాంతాలకూ తిరిగి, వేలంపాటల్లో పాత ఇనుముగా వెళ్ళిపోయాయి. ప్రతి ప్రభుత్వ వాహనానికీ ఒక లాగ్ పుస్తకం ఉంటుంది. ఏ తేదీన, ఏ అధికారి, ఏ ఊరికి, ఎన్ని కిలోమీటర్లు వెళ్ళారన్నది డ్రైవరు చేతివ్రాతతో అందులో నమోదవుతుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తరువాత కృష్ణా జిల్లా దారుల్లో తిరిగిన జీపుల, కార్ల పుస్తకాలు ఒక పదైనా దొరికితే, సహాయం ఏ గ్రామానికి ఏ రోజున చేరిందో నిర్ధారించవచ్చు. నిజాం కారు 356 మైళ్ళ లెక్క మనకు కంఠస్థం. ఆ పుస్తకాలను దాచిన కార్యాలయమేదైనా ఉంటే, వాటిని రాష్ట్ర పురాలేఖన శాఖకు పంపవలసిన తరుణమిది.