పౌలు పత్రికకు తేదీ ఎట్లు తెలిసినది?

మన పల్లెలలో పెద్దలను పెండ్లి ఎప్పుడైనదని అడిగితే, "దివిసీమ ఉప్పెన వచ్చిన యేడే బాబూ" అంటారు. అది 1977 అని మనమే లెక్క కట్టుకుంటాము. క్రొత్త నిబంధన గ్రంథములకు కాలము నిర్ణయించే పండితులు చేసే పనియు ఇంచుమించు ఇదే. ఆ గ్రంథకర్తలు తమ వ్రాతలపై తేదీ వేయలేదు. గనుక తేదీ తెలిసిన ఏదో ఒక సంఘటనకు వాటిని ముడివేయవలెను.

పౌలు విషయములో అట్టి ముడి ఒక రాతి మీద దొరికినది. గ్రీసు దేశమందలి డెల్ఫీలో లభించిన శాసనపు ముక్కలు 1905లో ప్రకటింపబడినవి. అది క్లౌదియ చక్రవర్తి పంపిన లేఖ. అందులో అధిపతియైన గల్లియోను పేరున్నది. చక్రవర్తి బిరుదుల లెక్కను బట్టి ఆ లేఖ క్రీ.శ. 52 తొలి భాగమునకు చెందినదని తేలినది. అధిపతి పదవి సాధారణముగా ఒక్క యేడే గనుక గల్లియోను కాలము 51–52 అగును. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము ప్రకారము పౌలును కొరింథులో ఈ గల్లియోను ఎదుటికే తెచ్చిరి. పౌలు అక్కడ ఏడాదిన్నర యుండెను. థెస్సలొనీక నుండి తిమోతి తిరిగి వచ్చిన వెంటనే, ఆ బసలోనే, థెస్సలొనీకయులకు మొదటి పత్రిక వ్రాసెను. కనుక అది సుమారు 50–51 నాటిది.

సువార్తలకు 70వ సంవత్సరము గురుతు. ఆ యేడు రోమా సైన్యము యెరూషలేము దేవాలయమును నాశనము చేసెను. మార్కు 13వ అధ్యాయము ఆ నాశనమునకు కొంచెము ముందా, వెనుకా అన్నదే పండితుల వాదము.

ఇక యోహాను సువార్త. 1920లో ఐగుప్తులో కొనబడిన అరచేతి కన్న చిన్నదైన పపైరస్ ముక్క నేడు మాంచెస్టరు నగరములోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయములో ఉన్నది. 1935లో సి.హెచ్. రాబర్ట్స్ దాని అక్షరముల తీరును తేదీగల ఇతర పత్రములతో పోల్చి, రెండవ శతాబ్దపు తొలి సగమునకు చెందినదని చెప్పెను. "క్రీ.శ. 125 అని ఋజువైనది" అని నేనును యువజన కూటములలో ఉత్సాహముగా చెప్పితిని. అయితే చేవ్రాతను బట్టి అంత ఖచ్చితముగా చెప్పరాదని 2005లో బ్రెంట్ నాంగ్‌బ్రి హెచ్చరించెను. ఒకే తీరు వ్రాత దశాబ్దముల తరబడి సాగును గదా! ఆ ముక్క అదే శతాబ్దపు చివరిదియు, ఇంకను తరువాతిదియు కావచ్చును.

ఇందువలన మన విశ్వాసమునకు నష్టమేమి? సిలువ సంఘటనకు ఇంచుమించు ఇరువది యేండ్లకే వ్రాసిన పత్రికలో పునరుత్థానపు సాక్ష్యమున్నదని డెల్ఫీ రాయి ఆధారముగా చెప్పగలము. చెప్పగలిగినంత చెప్పుదము. లేని ఖచ్చితత్వమును కలిపి చెప్పిన నాడు, వినే బిడ్డలు రేపు నిజము తెలిసికొని, మనము చెప్పిన సత్యమును కూడ శంకింతురు.