పిల్లల విరేచనాలు: పెద్ద కారణం వైరస్‌లే.. వలస పోయినా మూడు డోసులు మరవొద్దు

చిన్నపిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైతే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో ముందుగా వినిపించే మాటలు 'పళ్లొస్తున్నయి', 'దిష్టి తగిలింది'. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో 'నజర్ లగీ' అంటారు. ఆ తర్వాత మెడికల్ షాపుకు పోయి మోషన్లు ఆగే గోలీ అడుగుతారు. కానీ రెండేళ్లలోపు పిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు పెద్ద కారణం వైరస్‌లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఐదేళ్లలోపు పిల్లలు ఏటా సుమారు 4.4 లక్షల మంది విరేచనాలతో చనిపోతున్నారు. ఎక్కువగా ప్రాణం తీసేది ఒంట్లోని నీరు, లవణాలు పోవడమే.

ఏ వైరస్‌లు?

రోటా వైరస్: 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం గుర్తించింది. మైక్రోస్కోపులో చక్రంలా కనిపిస్తుంది, అందుకే లాటిన్‌లో చక్రం అనే అర్థమొచ్చే ఆ పేరు. టీకా రాకముందు మన దేశంలో విరేచనాలతో ఆసుపత్రిలో చేరిన ఐదేళ్లలోపు పిల్లల్లో 100కు సుమారు 40 మందిలో ఇదే కనిపించింది.

నోరో వైరస్: పిల్లలకే కాదు, పెద్దలకూ వస్తుంది. వాంతులు ఎక్కువ. ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్లకూ తొందరగా అంటుకుంటుంది.

అడినో (40, 41 రకాలు), ఆస్ట్రో, సాపో వైరస్‌లు కూడా కారణమవుతాయి.

ఇవి మలం నుంచి చేతుల ద్వారా, నీళ్ల ద్వారా, బొమ్మల ద్వారా నోట్లోకి పోతాయి. సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. అయితే మంచి నీళ్లు, మరుగుదొడ్లు ఉన్న ధనిక దేశాల్లో కూడా టీకా రాకముందు దాదాపు ప్రతి బిడ్డకూ ఐదేళ్లలోపు రోటా సోకేది. శుభ్రత ఒక్కటే సరిపోదు, టీకా కావాలి అనేది అందుకే.

ఏం చేయాలి?

యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. మోషన్లు ఆపే గోలీలు చిన్నపిల్లలకు ప్రమాదం. లీటరు మంచినీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాపాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ తాపాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకు అందులో సగం. ఆశా కార్యకర్తను అడిగితే రెండూ ఉచితంగా ఇస్తారు.

షాపుల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి డ్రింకులు వేరు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరగొచ్చు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడొద్దని ఆదేశించింది.

బిడ్డ తాగలేకపోతున్నా, మత్తుగా ఉన్నా, కళ్లు గుంటలు పడ్డా, ఆరు గంటలు మూత్రం రాకున్నా, మలంలో రక్తం పడినా వెంటనే దవాఖానాకు తీసుకుపోవాలి.

మన దగ్గర తయారైన టీకా

హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ 2015లో విడుదలైంది. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి రోటా టీకా ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2019లో వచ్చింది. సూది లేదు, నోట్లో వేస్తారు: 6, 10, 14 వారాలకు మూడు డోసులు. పరీక్షల్లో రోటావాక్ మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సగానికి పైగా తగ్గించింది. పూర్తిగా ఆపదు, మిగతా వైరస్‌ల మీద పనిచేయదు. కాబట్టి టీకా వేసినా ఇంట్లో ఓఆర్ఎస్ ఉండాల్సిందే.

పాలమూరు నుంచి పనుల కోసం పుణె, ముంబై పోయే కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే. మొదటి డోసు ఏడాది వయసు లోపే పడాలి, దాటితే ఇక వేయరు. బిడ్డ టీకాల కార్డు వెంట తీసుకుపోతే మిగతా డోసులు దేశంలో ఏ సర్కారు దవాఖానాలోనైనా ఉచితంగా వేయించుకోవచ్చు. బస్సెక్కే ముందు సంచిలో బట్టలతో పాటు ఆ కార్డు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి.