వాహన రికవరీ సామగ్రి

సరైన బాట లేని చోట బురదలోనో, ఇసుకలోనో, వాగు దాటేటప్పుడో దిగబడిన వాహనాన్ని తిరిగి గట్టి నేల మీదికి చేర్చడానికి వాడే పనిముట్లను వాహన రికవరీ సామగ్రి అంటారు. పార, గాలి పంపు, చక్రాల కింద వేసే పలకలు, లాగుడు పట్టీలు, షాకిళ్ళు, జాకీ, వించ్ ఇందులో ముఖ్యమైనవి. నాలుగు చక్రాలకూ చోదక శక్తి అందే జీపుల వంటి వాహనాలలో అడవులు, ఎడారులు, కొండదారులలో ప్రయాణించేవారు వీటిని వెంట తీసుకొని వెళతారు.

ఈ సామగ్రిని ఎంచుకోవడంలో మూల సూత్రం ఒక్కటే. లాగేటప్పుడు బలం పడే ప్రతి వస్తువూ, అంటే రెండు వాహనాల కొక్కేలు, షాకిళ్ళు, పట్టీ అన్నీ, వాహనపు బరువుకు తగినవై ఉండాలి. వాటిలో ఒక్కటి బలహీనమైనా అది తెగి లేదా విరిగి తుపాకి గుండులా దూసుకుపోతుంది. ఇటువంటి ప్రమాదాలలో డ్రైవర్లూ, చూడవచ్చినవారూ ప్రాణాలు కోల్పోయిన సందర్భాలు ఉన్నాయి.

వాహనాలు దిగబడడానికి కారణాలు

చక్రం ముందుకు నడవాలంటే టైరుకూ నేలకూ మధ్య తగినంత ఘర్షణ ఉండాలి. పొడి ఇసుకలో రేణువులు ఒకదానిపై ఒకటి జారిపోతాయి కనుక తిరుగుతున్న చక్రం తన గుంటను తానే తవ్వుకుంటుంది. బంకమట్టిలో ఇబ్బంది మరొక విధంగా ఉంటుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో విరివిగా కనిపించే నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బి జిగురుగా మారి టైరు గాళ్ళలో నిండిపోతుంది. అప్పుడు కొత్త టైరు కూడా అరిగిన టైరులాగే జారుతుంది. పైగా చక్రాల చుట్టూ, వాహనం అడుగుభాగంలో బురద పట్టుకొని వాహనాన్ని వెనుకకు లాగుతుంది.

రెండు సందర్భాలలోనూ చక్రాలు ఉన్నచోటనే తిరగడం మొదలైన వెంటనే యాక్సిలరేటరు వదిలివేయడం మంచిది. ఇంకా తిప్పిన కొద్దీ వాహనం లోతుకు దిగి, చివరకు ఇరుసులు, ఛాసిస్ నేలకు ఆనుకుంటాయి.

చరిత్ర

మోటారు వాహనాలకు పూర్వం దిగబడిన బండిని మోకులు కట్టి ఎడ్లతోనూ మనుషులతోనూ లాగించేవారు. పల్లెలలో నేటికీ ఈ పనికి మొదట పిలిచేది ట్రాక్టరునే.

ఎడారి ప్రయాణాలలో రికవరీ పద్ధతులను అభివృద్ధి చేసినవారిలో బ్రిటిష్ సైన్యపు ఇంజనీరు అధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ ముఖ్యుడు. ఈయన 1920ల చివర, 1930లలో ఈజిప్టు, లిబియా ఎడారులలో ఫోర్డు కార్లపై యాత్రలు చేశాడు. టైర్లలో గాలి తగ్గించడం, దిగబడిన చక్రాల కింద ఉక్కు పలకలు పరచడం ఆ యాత్రలలో వాడుకలోకి తెచ్చాడు. 1940లో ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే సైనిక దళం లారీలు కూడా ఇటువంటి పలకలను మోసుకువెళ్ళేవి.

1941లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో మార్స్టన్ అనే ఊరి వద్ద రంధ్రాలు గల ఉక్కు పలకలతో తాత్కాలిక విమాన రన్‌వే నిర్మించారు. యుద్ధానంతరం మిగిలిన ఈ పలకలను ఎడారి యాత్రికులు ఇసుకలో చక్రాల కింద వేయడానికి వాడుకున్నారు. అమెరికాకు చెందిన వార్న్ సంస్థ 1959లో విహార వాహనాల కోసం విద్యుత్ వించ్‌ను ప్రవేశపెట్టింది. 2000ల దశకంలో ఆస్ట్రేలియాలో తయారైన ప్లాస్టిక్ పలకలు తేలికగా ఉండడం వలన తర్వాతి కాలంలో ఉక్కు పలకల స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి.

ముఖ్యమైన పనిముట్లు

పార: అన్నిటికంటె చవకైనది, అన్నిటికంటె ఎక్కువసార్లు పనికి వచ్చేది. చక్రాల ముందరి మట్టిని ఏటవాలుగా తీసి, ఛాసిస్ కింద చేరిన మట్టిని తొలగిస్తే లాగడానికి కావలసిన బలం గణనీయంగా తగ్గుతుంది. పొడవైన కర్ర గల పార అయితే వాహనం అడుగున పనిచేయడం సులువు.

గాలి కొలిచే సాధనం, పంపు: తారు రోడ్డు మీద సాధారణంగా 30 నుండి 35 పీఎస్ఐ ఉండే గాలిని ఇసుకలో 15 నుండి 18 పీఎస్ఐ వరకు తగ్గిస్తే టైరు సాగి, నేలను తాకే భాగం పొడవు పెరుగుతుంది. బరువు ఎక్కువ వైశాల్యం మీద పడుతుంది కనుక చక్రం దిగబడదు. గాలి తగ్గించినపుడు నెమ్మదిగా నడపాలి. ఒక్కసారిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుండి ఊడిపోవచ్చును. తిరిగి రోడ్డెక్కేముందు గాలి నింపకపోతే టైరు వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. అందువలన గాలి తీయడం నేర్చినవారు గాలి నింపే పంపును కూడా వెంట ఉంచుకోవాలి.

చక్రాల కింద వేసే పలకలు: మరొక వాహనం తోడు లేనపుడు వీటి విలువ తెలుస్తుంది. చక్రం ముందు మట్టిని తవ్వి, పలకను టైరు కిందికి బాగా నెట్టి, నెమ్మదిగా కదలాలి. చక్రం గిర్రున తిరిగితే పలక పళ్ళు కరిగిపోతాయి. పలక వెనుకకు ఎగిరి తగలవచ్చును కూడా.

లాగుడు పట్టీలు: ఇవి రెండు రకాలు. చూడడానికి ఒకే విధంగా ఉన్నా వీటి పని వేరు. పాలిస్టరు పట్టీ దాదాపుగా సాగదు. చెడిపోయిన వాహనాన్ని రోడ్డు మీద నిదానంగా లాక్కుపోవడానికే ఇది తగినది. నైలాను పట్టీ తన పొడవులో సుమారు 20 శాతం వరకు సాగుతుంది. దిగబడిన వాహనాన్ని ఊపుతో బయటకు లాగడానికి దీనినే వాడాలి. దీనిని స్నాచ్ పట్టీ అంటారు. నైలానుతో పేనిన కైనెటిక్ తాళ్ళు ఇంకా ఎక్కువగా సాగుతాయి.

షాకిళ్ళు: పట్టీని వాహనానికి తగిలించే ఉక్కు కొక్కేలు. పని భార పరిమితి ముద్రించి ఉన్నవాటినే కొనాలి. విల్లు ఆకారపు షాకిళ్ళలో 3.25 టన్నులు, 4.75 టన్నుల పరిమితి గలవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ముద్ర లేని షాకిల్ బలం ఎంతో చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. గట్టి పీచుతో అల్లిన మెత్తని షాకిళ్ళు తేలికైనవి. ఇవి తెగినా ఉక్కు వస్తువంత గాయం చేయవు. అయితే పదునైన అంచులకు తగిలితే కోసుకుపోతాయి.

జాకీ: వాహనంతో వచ్చే జాకీ మెత్తని నేలలో కిందికి దిగిపోతుంది. దాని అడుగున వేయడానికి ఒక గట్టి చెక్క పలక ఉండాలి. నిలువుగా ఎత్తే పొడవైన హై-లిఫ్ట్ జాకీకి ఆనడానికి వాహనానికి గట్టి ఉక్కు బంపరు అవసరం. దాని పిడి అదుపు తప్పి పైకి లేచి దవడకు తగిలే ప్రమాదం ఉన్నందున తలను పిడి దారిలో ఉంచరాదు.

వించ్: వాహనం ముందు అమర్చి, తాడును చెట్టుకో మరొక వాహనానికో కట్టి తనను తాను లాగుకునే యంత్రం. దీని సామర్థ్యం వాహనపు మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. పెట్టె మీద రాసే సామర్థ్యం డ్రమ్ము మీద మొదటి పొర తాడుకు మాత్రమే వర్తిస్తుంది. పైపొరలకు పోయిన కొద్దీ లాగే బలం తగ్గుతుంది. కదిలే కప్పిని ఉపయోగిస్తే లాగే బలం ఇంచుమించు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. డ్రమ్ము మీద ఉక్కు తాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ తాడైతే ఎనిమిది చుట్లు మిగల్చాలి. చెట్టుకు కట్టేటప్పుడు వెడల్పైన పట్టీ చుట్టాలి. లేకపోతే తాడు బెరడును కోసివేస్తుంది.

సాగే పట్టీ ఎందుకు?

దీనిని పాఠశాల భౌతికశాస్త్రంతోనే వివరించవచ్చును. 2,000 కిలోల వాహనం గంటకు 10 కిలోమీటర్ల వేగంతో కదిలినపుడు దాని గతిజ శక్తి సుమారు 7,700 జౌళ్ళు. పట్టీ బిగిసినపుడు ఈ శక్తి అంతా పట్టీలోకి చేరుతుందనుకుందాము. 9 మీటర్ల నైలాను పట్టీ 20 శాతం, అంటే 1.8 మీటర్లు సాగితే సగటు బలం సుమారు 4,300 న్యూటన్లు. అదే శక్తిని 0.3 మీటర్లు మాత్రమే సాగే పట్టీ భరించవలసివస్తే సగటు బలం సుమారు 25,700 న్యూటన్లు, అంటే ఆరు రెట్లు. గరిష్ఠ బలం సగటు కంటె ఇంకా ఎక్కువ. సాగని పట్టీతో, తాడుతో లేదా ఇనుప గొలుసుతో ఊపుగా లాగితే కొక్కేలు ఊడిరావడానికి కారణం ఇదే.

సాగిన పట్టీలో శక్తి నిలువ ఉంటుంది. ఏదైనా ఊడితే ఆ శక్తి అంతా ఊడిన వస్తువుకు వేగాన్ని ఇస్తుంది.

ఎంత బలం గలవి కావాలి?

అమెరికా సైన్యపు రికవరీ పద్ధతుల ప్రకారం చక్రాల లోతుకు దిగబడిన వాహనాన్ని కదిలించడానికి సుమారు దాని బరువుతో సమానమైన బలం కావాలి. మడ్‌గార్డుల లోతుకు దిగితే రెండు రెట్లు, ఇంకా పైకి మునిగితే మూడు రెట్లు. లాగే ముందు పారతో తవ్వడం ఎందుకు అవసరమో ఈ లెక్కే చెబుతుంది.

స్నాచ్ పట్టీ తెగే బలం, రెండు వాహనాలలో తేలికైన దాని మొత్తం బరువుకు రెండు నుండి మూడు రెట్లు ఉండాలని సూచిస్తారు. తక్కువైతే తెగుతుంది. మరీ ఎక్కువైతే చాలినంత సాగదు కనుక కుదుపు వాహనం మీదనే పడుతుంది.

ఉదాహరణకు ప్రయాణికులు, సామానుతో కలిపి 2,500 కిలోల బరువుండే వాహనాన్ని తీసుకుందాము. దానికి 5,000 నుండి 7,500 కిలోల మధ్య తెగే బలం గల నైలాను పట్టీ, 4.75 టన్నుల షాకిళ్ళు రెండు సరిపోతాయి. వించ్ అవసరమనుకుంటే 3,750 కిలోలకు తగ్గరాదు. వించ్‌లను సాధారణంగా పౌండ్లలో అమ్ముతారు కనుక 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4,300 కిలోలది, తీసుకోవచ్చును.

కొనవలసిన క్రమం

మొదట పార, గాలి కొలిచే సాధనం, పంపు, చేతి తొడుగులు కొనాలి. తరువాత వాహనానికి ముందూ వెనుకా బలం నిర్ధారించిన రికవరీ కొక్కేలు ఉన్నాయో లేదో వాహనపు మాన్యువల్‌లో చూసి, లేనిచో అమర్చుకోవాలి. ఆపైన నైలాను పట్టీ, షాకిళ్ళు, తాడు మీద వేసే బరువైన దుప్పటి. ఒంటరిగా ప్రయాణించేవారికి పలకలు ముందే అవసరమవుతాయి. అన్నిటికంటె ఖరీదైన వించ్ చివరిది. కొక్కెం లేని వాహనానికి పట్టీ కొనడం వలన ప్రయోజనం లేదు.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనాలలో మార్పులను నియంత్రిస్తుంది. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ వాహనాలకు అనధికారికంగా బిగించే క్రాష్ గార్డులపై చర్య తీసుకోవలసిందిగా రాష్ట్రాలను కోరింది. వించ్ కోసం ఉక్కు బంపరు అమర్చదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ట్రెయిలరు తగిలించే గుండ్రని టో బాల్‌కు రికవరీ పట్టీని ఎన్నడూ తగిలించరాదు. అది నిదానమైన లాగుడుకు రూపొందించినది. ఊపు తగిలితే మెడ వద్ద విరిగి, ఎదుటి వాహనపు అద్దంలోనుండి లోపలికి దూసుకుపోతుంది. ఓడలపై, లారీలపై వాహనాన్ని కట్టివేయడానికి ఇచ్చే చిన్న కడియాలు కూడా ఈ పనికి పనికిరావు. రెండు పట్టీలను ఉక్కు షాకిల్‌తో కలపరాదు. ఒకవైపు పట్టీ తెగితే ఆ షాకిల్ రెండవ పట్టీతో పాటు ఎగిరివస్తుంది.

మన ప్రాంతాలలో వాహనం దిగబడగానే చుట్టూ జనం, ముఖ్యంగా పిల్లలు, గుమికూడడం పరిపాటి. లాగడం మొదలుపెట్టే ముందు వారిని పట్టీ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరానికి, పక్కకు పంపాలి. లాగే వరుసలో ముందుగాని వెనుకగాని ఎవరూ నిలబడరాదు. బిగిసిన పట్టీని దాటరాదు. పట్టీ మధ్యలో బరువైన దుప్పటి వేస్తే తెగినపుడు దాని వేగం కొంత తగ్గుతుంది.

ట్రాక్టరుతో లాగించేటప్పుడు తాడును దాని వెనుక తక్కువ ఎత్తులో ఉండే డ్రాబార్‌కే కట్టాలి. ఇరుసు కంటె పైన కడితే ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి, డ్రైవరు మీదికి తిరగబడవచ్చును.

పని ముగిసిన తరువాత పట్టీలను మంచినీటితో కడిగి నీడలో ఆరవేయాలి. అల్లికలో చిక్కుకున్న ఇసుక పోగులను లోలోపల కోస్తుంది, ఎండ నైలానును బలహీనపరుస్తుంది. అంచు కోసుకుపోయిన పట్టీని, వంగిన షాకిల్‌ను మళ్ళీ వాడరాదు.

ఇవి కూడా చూడండి

జీపు
కప్పి
గతిజ శక్తి
స్థితిస్థాపకత
నల్లరేగడి నేల