చిన్న పనికి కొలత ఏది? నైల్స్ లోయ రహదారి కథ

1956లో ఐదు ఊళ్ళు కలిసి ఫ్రీమాంట్ నగరం ఏర్పడింది. ఆ ఐదింటిలో నైల్స్ ఒకటి. ఊరి అంచు నుంచి తూర్పున సునోల్ దాకా అలమీడా ఏరు కొండల మధ్య మలచుకున్న ఇరుకైన లోయ ఉంది. 1869లో ఖండాంతర రైలుమార్గం సాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డుకు చేరింది ఈ లోయ గుండానే. ఇప్పటికీ ఏరు, రైలుపట్టాలు, 84వ నెంబరు రాష్ట్ర రహదారి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అక్కడ సాగుతాయి. దారి రెండు వరుసలదే. ఒక పక్క కొండ, మరో పక్క ఏరు.

ఇలాంటి చోట రోడ్డును కొన్ని అడుగులు వెడల్పు చేయడం చిన్న పనా, పెద్ద పనా? ఈ ప్రశ్నకు కాలిఫోర్నియా చట్టం ఒక పద్ధతి ఏర్పరచింది. 1970లో అప్పటి గవర్నరు రొనాల్డ్ రేగన్ సంతకంతో అమల్లోకి వచ్చిన పర్యావరణ నాణ్యతా చట్టం ప్రకారం, ప్రభుత్వ సంస్థ ఏ పని తలపెట్టినా ముందు ఒక వడపోత జరగాలి. ఉన్న రోడ్డుకు మరమ్మతు వంటి పనులకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది. మినహాయింపు వర్తించకపోతే ప్రాథమిక పరిశీలన చేస్తారు. చెప్పుకోదగ్గ హాని లేదని తేలితే ఆ మేరకు ప్రకటన ఇచ్చి పని మొదలుపెట్టవచ్చు. హాని ఉండవచ్చనడానికి తగిన ఆధారంతో సహేతుకమైన వాదన ఉంటే మాత్రం పూర్తి ప్రభావ నివేదిక తయారుచేయక తప్పదని 1974లో రాష్ట్ర సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మినహాయింపులకూ హద్దులున్నాయి. ఒకే చోట ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే పనుల మొత్తం ప్రభావం గణనీయమైనదైతే మినహాయింపు చెల్లదు. రాష్ట్రం సుందర రహదారిగా గుర్తించిన దారి వెంట చెట్లకు, బండలకు నష్టం కలిగే పనికీ అది వర్తించదు. అంటే చట్టం దృష్టిలో పని చిన్నదా, పెద్దదా అన్నది రోడ్డు పొడవును బట్టి మాత్రమే తేలదు. ఆ పని ఎక్కడ జరుగుతోంది, దాని ముందూ వెనుకా ఇంకేం జరుగుతున్నాయి అన్నదీ చూడాలి.

నైల్స్ లోయలో తగాదా వచ్చింది ఇక్కడే. రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ ఈ దారిని దశలవారీగా వెడల్పు చేయాలని తలపెట్టింది. అందుకు చూపిన కారణం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు: ఇరుకు మలుపుల్లో ప్రమాదాలు, మరణాలు. నైల్స్ వైపు మొదటి దశకు పూర్తి నివేదిక లేకుండానే, చిన్న ప్రకటనతో, 2006లో ఆమోదం లభించింది. విచిత్రమేమంటే, అదే సంవత్సరం అదే ఏటి మీద ఉన్న నైల్స్, సునోల్ పాత ఆనకట్టలను తొలగించారు. సముద్రం నుంచి ఎగువకు ఈదివచ్చి గుడ్లు పెట్టే స్టీల్‌హెడ్ చేపకు దారి ఇవ్వడం ఆ తొలగింపు ఉద్దేశాల్లో ఒకటి. ఈ ప్రాంతపు స్టీల్‌హెడ్, అలమీడా విప్‌స్నేక్ అనే పాము, రెండూ 1997లోనే సమాఖ్య చట్టం కింద ముప్పున్న జీవుల జాబితాలో చేరాయి. ఒక ప్రభుత్వ సంస్థ ఏటిని బాగుచేస్తుంటే, మరొకటి దాని గట్టున కాంక్రీటు గోడలకు పథకం వేసింది.

2011 వసంతంలో ఏటి ఒడ్డున దాదాపు వంద చెట్లు నేలకూలాయి. చాలామందికి పథకం సంగతి తెలిసింది అప్పుడే. 1997 నుంచి ఏటి కోసం పనిచేస్తున్న అలమీడా క్రీక్ అలయన్స్ కోర్టుకు వెళ్ళింది. కోర్టు పనులను నిలిపివేసింది. ఆ ఏడాది చివర కాల్‌ట్రాన్స్ రాజీకి వచ్చి మొదటి దశను వదులుకుంది. తర్వాతి సంవత్సరం సమాఖ్య రహదారుల శాఖ ఆధ్వర్యంలో దారి భద్రతను విడిగా మదింపు చేశారు. దానితో చర్చ లోయ పొడవునా వెడల్పు చేయాలా అన్న దగ్గర నుంచి, ఏ మలుపు దగ్గర ప్రమాదం ఎందుకు జరుగుతోంది అన్న దగ్గరికి మారింది. మొదటే అడగవలసిన ప్రశ్న అది.

ఈ కథ తెలుగు నేలకు పరాయిది కాదు. హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్ళే దారిలో మొయినాబాద్, చేవెళ్ళ దాటి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల మేర రోడ్డు విస్తరణ తలపెట్టినప్పుడు, దారికి రెండు వైపులా ఉన్న వందలాది మర్రిచెట్ల కోసం స్థానికులు, పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. భారతదేశంలో వడపోత ప్రధానంగా అంకెల మీద నడుస్తుంది. జాతీయ రహదారి విస్తరణకు పర్యావరణ అనుమతి అవసరమయ్యే హద్దు మొదట 30 కిలోమీటర్లు. 2013 సవరణతో అది 100 కిలోమీటర్లయింది. ఆ లెక్కన చేవెళ్ళ దారి చిన్న పనే. మర్రిమాను వయసుకు ఆ పట్టికలో గడి లేదు.

కాలిఫోర్నియా పద్ధతి విచక్షణను అడుగుతుంది, భారతీయ పద్ధతి అంకెను అడుగుతుంది. అంకెను ముక్కలు చేసి తప్పించుకోవచ్చు. విచక్షణను ఎవరూ చూడని చోట వాడకుండా వదిలేయవచ్చు. నైల్స్‌లో అధికారులు చేయవలసిన వడపోతను చివరకు పౌరులు కోర్టులో చేయించారు. అప్పటికే కూలిన చెట్లకు మాత్రం ఆ తీర్పు అందలేదు. ఫ్రీమాంట్ దిగువన ఏటికి అడ్డుగా ఉన్న కట్టడాల దగ్గర చేపల మెట్లు 2022 నాటికి పూర్తయ్యాయి. స్టీల్‌హెడ్ మళ్ళీ ఎగువకు ఈదాలంటే, ఆ మెట్లు ఎంత అవసరమో, లోయలో ఏటి మీదికి వంగిన చెట్ల నీడ కూడా అంతే అవసరం.